పొట్టలో స్టెంట్ వేశాక మళ్లీ వాంతులైతే: ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సినవి

క్లోమంలోనో పిత్తాశయంలోనో జీర్ణాశయం అడుగునో క్యాన్సర్ పెరిగి, తిన్నది పేగులోకి దిగకుండా అడ్డుపడితే ఎండోస్కోపీ ద్వారా స్టెంట్ వేస్తారు. నిటినాల్ (నికెల్, టైటానియం కలిసిన లోహం) తీగతో అల్లిన జల్లెడ గొట్టం అది. వెడల్పు సుమారు 20 మిల్లీమీటర్లు ఉంటుంది. పూర్తిగా విచ్చుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి దారి తెరిచారు కదా అని ఆ రోజే అన్నం పెట్టకండి. ఆ రెండు రోజులూ పైకడుపులో కాస్త నొప్పి మామూలే.

డాక్టరు సరేనన్నాక ముందు నీళ్లు, వడకట్టిన పప్పుకట్టు. నిలిస్తే పల్చటి రాగిజావ, మజ్జిగ. ఆ తర్వాత గుజ్జుగా ఉడికించిన పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ. పూటకు చిన్న గిన్నెడు చొప్పున రోజుకు ఐదారుసార్లు పెట్టండి. కూర్చునే తినాలి, తిన్నాక గంటసేపు నడుం వాల్చకూడదు. మనిళ్లలో స్టెంటుకు అసలు శత్రువు మునక్కాయ. పిప్పి ఊసేశామనుకున్నా నాలుగు పీచులు లోపలికి పోతాయి, తీగల్లో చిక్కుకుంటాయి, వాటిమీద మెతుకులు పేరుకుంటాయి. తోటకూర కాడలు, బత్తాయి తొనలు, సరిగ్గా నమలని మాంసం కూడా అంతే.

వాంతి మళ్లీ మొదలైతే ఎప్పుడు, ఎలా వచ్చిందో రాసిపెట్టుకోండి. వేసిన వారంలోనే అయితే స్టెంట్ సరిగా విచ్చుకోకపోవడం, కింద ఇంకోచోట పేగు ఇరుకవడం, లేదా ఎన్నాళ్లో సాగిపోయిన పొట్టకు నెట్టే బలం లేకపోవడం కారణం కావచ్చు. బాగా తింటున్న మనిషికి ఒక భోజనం తర్వాత హఠాత్తుగా మొదలైతే తిండి ఇరుక్కుందేమో. తినిపించడం ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయండి, ఎండోస్కోపీతో తీస్తారు. వారాల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతుంటే కణితి జల్లెడ కన్నాల్లోంచి లోపలికి పెరుగుతున్నట్టు అనుమానించాలి. అప్పుడు తరచూ పాతదాని లోపలే మరో స్టెంట్ వేస్తారు. పైన పొర ఉన్న స్టెంటులో ఈ బెడద తక్కువ, కానీ అది జారిపోయే అవకాశం ఎక్కువ. జారి పేగులో అడ్డుపడితే కడుపు ఉబ్బి గ్యాస్ కూడా పోదు.

వాంతిలో నిన్నటి అన్నం ఉండి పసరు లేకపోతే అడ్డు సాధారణంగా పైనే ఉంటుంది. ఆకుపచ్చ పసరు పడితే పైత్యనాళం (కాలేయం నుంచి పసరు తెచ్చే గొట్టం) పేగులో కలిసే చోటుకు కింద ఉండొచ్చు. ఈ ఒక్క ముక్క చెబితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

కొన్నిటికి మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. కడుపు చెక్కలా బిగిసి భరించలేని నొప్పి వస్తే పేగుకు చిల్లు పడి ఉండొచ్చు, నోటికి చుక్క నీళ్లు కూడా ఇవ్వకండి. రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం రక్తస్రావానికి గుర్తు (ఐరన్ మాత్రలతోనూ విరేచనం నల్లబడుతుంది, వేసుకుంటుంటే ఆ మాట చెప్పండి). కళ్లు పచ్చబడి చలిజ్వరం వస్తే పైత్యనాళం మూసుకుని చీము పడుతుండొచ్చు. స్టెంట్ కొన్నిసార్లు ఆ నాళం నోటికి అడ్డంగా పడుకుంటుంది కాబట్టి ఈ చిక్కు రావచ్చు.

స్టెంట్ రకం, పొడవు, వేసిన తేదీ ఉన్న డిశ్చార్జి కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. రాత్రిపూట వేరే ఆసుపత్రికి పరుగెత్తాల్సివస్తే అక్కడ మొదట అడిగేది అదే.