మాట పుట్టుక వెదకడం – 5వ పాఠం: ముక్తసరిని విరవకండి

పోయిన పాఠం చివర ‘ముక్తసరి’ పుట్టుక కనుక్కోమని అడిగాను. తేలికైన మాట ఇచ్చాననే అనుకున్నాను. మీ జవాబులు చూశాక, ఈ పాఠంలో చెప్పదలచిన సంగతులను పక్కన పెట్టక తప్పలేదు. తప్పు కొంత నాదే. ‘మాటను భాగాలుగా చూడండి’ అని రాశాను. భాగాలున్న మాటను మాత్రమే అలా చూడాలని రాయలేదు.

జవాబులు మూడు రకాలు. ఒకటి, ముక్త + సరి: అనవసరపు మాటల నుంచి విముక్తి పొంది సరిగ్గా చెప్పడం. రెండోది, ముక్తాసరం: ముత్యాల పేరులాంటి నాలుగు మాటలు. మూడోది, ముక్క + సరి: ఒక్క ముక్కతో సరిపెట్టడం. ఈ మూడోది నాకు ముచ్చటగా తోచింది. ముచ్చటగా తోచిన వ్యుత్పత్తిని నేను ముందుగా అనుమానిస్తాను.

ఎందుకో చెబుతాను, ఓపిక పట్టండి. తెలుగులో ఒకటి రెండు అక్షరాల మాటలు కొల్లలు. కాబట్టి ఏ మాటను విరిచినా రెండు పక్కలా అర్థమున్న తునకలే చేతికి వస్తాయి. వసూలు తీసుకోండి. ‘వసు’ అంటే సంస్కృతంలో ధనం. వసూలంటే ధనం రాబట్టడం. ఇంతకన్నా చక్కగా కుదిరేది ఉంటుందా? కానీ వసూలు అరబ్బీ ‘వుసూల్’, చేరుకోవడం అని అర్థం. చేరవలసిన సొమ్ము చేరింది, అంతే. తాలూకాను విరిస్తే తాలు, ఊక వస్తాయి. ధాన్యం శిస్తు కట్టిన రైతుకు చివరికి మిగిలేవి అవేనని ఒక పెద్దమనిషి నాకు గంభీరంగా బోధించాడు కూడా. అది సంబంధం అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన మాట. ‘నా తాలూకు మనుషులు’ అంటామే, అందులో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. మాట విరిగిందంటే మీ చేతికి బలముందని తెలుస్తుంది గాని, అక్కడ అతుకు ఉందని కాదు.

అతుకు ఉందో లేదో తేల్చడానికి ఆ తునక ఇంకెక్కడైనా అదే పని చేస్తోందా అని చూడాలి. ముక్త సంగతి చూడండి. మాటల విషయంలో ‘ముక్త’ కనిపించేది ముక్తకంఠంలో. అక్కడ దాని పని గొంతు విప్పడం, అంటే ముక్తసరికి సరిగ్గా ఎదురు. ముక్కలోని ‘క్క’ ‘క్త’గా మారిందంటారా? తెలుగులో దారి ఎప్పుడూ అటు నుంచి ఇటే: భక్తి బత్తి అయింది, శక్తి సత్తి అయింది. నోరు కష్టాన్ని దించుకుంటుంది గాని ఎత్తుకోదు. ఇక ముత్యాల పేరుకు ఒక్క ప్రశ్న చాలు. ముత్యాల్లాంటి మాటలన్నది మెచ్చుకోలు. మీ ఇంట్లో ఎవరైనా ముక్తసరిగా జవాబిస్తే మెచ్చుకుంటారా, ‘ఎందుకు కోపం?’ అని అడుగుతారా?

అసలు సంగతి ఇది. అరబ్బీలో ‘ఇఖ్తిసార్’ అంటే కుదించడం, ‘ముఖ్తసర్’ అంటే కుదించినది. పారశీకం, ఉర్దూ మీదుగా మనకు చేరింది. ‘ఖ’ మనకు ‘క’ కావడం కొత్తేమీ కాదు, ఖబర్ కబురు కాలేదా? చివర హల్లు నిలవదు గనుక అచ్చు చేరింది. ‘ముక్తసరు’ అనే రూపమూ ఉంది. (అదే ధాతువు నుంచి వచ్చిన ‘ఖస్ర్’ అంటే నడుము. సన్నబడేది నడుమే కదా అని కథ అల్లబోయి నన్ను నేనే ఆపుకున్నాను.)

మొదటి ‘ము’ను గమనించండి. అరబ్బీలో అది చేసేవాడినో చేయబడినదానినో సూచించే గుర్తు. మునసబు అంటే న్యాయం చేసేవాడు. ముసాయిదా అంటే నలుపు చేసినది, సిరాతో చిత్తుగా రాసినదన్నమాట. ముద్దాయి అంటే అక్కడ దావా వేసినవాడు. మన దగ్గరికి వచ్చేసరికి పాపం బోను ఎక్కాడు. కోర్టు కచేరీల వాసన ఉన్న మాట ‘ము’తో మొదలైతే నేను నిఘంటువు తెరవకముందే అరబ్బీ అని పందెం కాస్తాను. ఇది నా అడ్డదారి. పండితులు ఒప్పుకోరు, మీరూ పరీక్షలో రాయకండి. ఇలాంటి మాటలకు బ్రౌన్ దొర 1854లో విడిగా ఒక నిఘంటువే వేశాడు, అది దగ్గర పెట్టుకోండి.

అర్థం మాత్రం దారిలో చల్లబడింది. ఇస్లామీయ న్యాయశాస్త్రంలో ముఖ్తసర్ అంటే గౌరవమైన సంగ్రహ గ్రంథం. 1037లో మరణించిన బాగ్దాదు పండితుడు ఖుదూరీ రాసినది వాటిలో పేరుపొందింది. మన దగ్గర అది ముఖం చాటేసి ఇచ్చే జవాబు అయింది. మెచ్చుకోలుకు ‘క్లుప్తం’ ఉండనే ఉంది. సంస్కృతం కావాలని పట్టుబట్టినవారు దీన్ని పట్టుకోండి: క్లుప్తమంటే అమర్చినది, కత్తిరించినది కూడా. గోళ్లు, జుట్టు కత్తిరించుకున్నవాణ్ణి మనుస్మృతి ఈ మాటతోనే చెబుతుంది.

ముక్త + సర నిజంగా ఉన్న చోటు పంజాబులో ఉంది. 1705లో గురు గోవింద్ సింగ్ కోసం పోరాడి నలభైమంది నేలకొరిగిన ఖిద్రానా కొలను ముక్తిసరస్సుగా, ముక్త్‌సర్‌గా పేరు మార్చుకుంది. రెండు మాటలూ పలకడంలో దాదాపు ఒకటే, పుట్టుకలో మాత్రం పొంతన లేదు.

ఇంగ్లీషులో ముక్తసరికి లాకానిక్ అనే మాట ఉంది కదా, దాని కథ చెప్పండని కొందరు అడిగారు. ప్రాచీన గ్రీసులో స్పార్టా అనే నగరరాజ్యం ఉన్న సీమ పేరు లాకోనియా. ‘నేను మీ సీమలోకి వచ్చానంటే మిమ్మల్ని నేలమట్టం చేస్తా’నని మాసిడోనియా రాజు ఫిలిప్ కబురంపితే, స్పార్టావారు ‘వస్తే’ అని ఒక్క మాట రాసి పంపారని గ్రీకు రచయిత ప్లూటార్క్ చెబుతాడు. మాట ఇక్కడే పుట్టిందనుకుంటారు చాలామంది. ఫిలిప్ ఆ వైపు దండెత్తింది క్రీ.పూ. 338 కైరోనియా యుద్ధం తర్వాత. క్రీ.పూ. 347లో చనిపోయిన ప్లేటో అప్పటికే ‘లాకోనియా మార్కు పొట్టిమాట’ గురించి రాసి పోయాడు. పేరు ముందు, కథ తర్వాత.

అభ్యాసం. ఇంట్లో పాత భూమి దస్తావేజు ఏదైనా ఉంటే తీయండి, యాభై ఏళ్లు దాటినదైతే మంచిది. అందులో అరబ్బీ, పారశీకం అనిపించిన ఇరవై మాటలు ఏరండి. ఒక్కోదానికి మూలరూపం, అక్కడి అర్థం, ఇక్కడి అర్థం, మారిన ధ్వని నాలుగూ రాయండి. ఒక్క మాటనైనా విరిచారంటే ఇరవై మళ్లీ ఏరాలి. మునసబు, ముద్దాయి లెక్కలోకి రావు.