రివాల్వర్‌లోనే ఉండే తాళం: ఎలా వాడాలి, ఎంతవరకు నమ్మాలి

స్మిత్ అండ్ వెసన్ కంపెనీ రివాల్వర్‌కి ఎడమ పక్క, సిలిండర్ (తూటాలు పట్టే తిరిగే భాగం) తెరిచే మీటకి కాస్త పైన సన్నటి రంధ్రం కనిపిస్తే దాని లోపల తాళం ఉన్నట్టే. అమెరికాలో రివాల్వర్లు ఉన్నవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా ఈ రంధ్రం గురించి వాదించుకుంటున్నారు. కొందరు అది ఉన్న తుపాకి ముట్టుకోరు, అది లేని పాతదానికి ఎక్కువ డబ్బు పెడతారు. ఇంకొందరికి అది ఉన్నా లేనట్టే. ఈ గొడవలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. తుపాకిని ఇంట్లో పెట్టేటప్పుడు ఈ తాళం పనికొస్తుందా అన్నది ఒకటి. నడుముకి పెట్టుకున్నప్పుడు అడ్డొస్తుందా అన్నది ఇంకొకటి. విడదీసి చూస్తే రెండింటికీ జవాబు దొరుకుతుంది.

కోపం ఎక్కడ మొదలైందో రెండు మాటల్లో. అప్పట్లో ఈ కంపెనీ టామ్‌కిన్స్ అనే బ్రిటిష్ సంస్థ చేతిలో ఉండేది. 2000 మార్చిలో క్లింటన్ ప్రభుత్వంతో భద్రతా నిబంధనల ఒప్పందం మీద సంతకం పెట్టింది. కొనేవాళ్లు బహిష్కరించారు, అమ్మకాలు పడిపోయాయి. 1987లో 11 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్న కంపెనీని టామ్‌కిన్స్ 2001 మేలో ఒకటిన్నర కోట్ల డాలర్లకు అమ్మేసింది. కొన్నది అరిజోనాకి చెందిన సేఫ్-టి-హ్యామర్, తుపాకి తాళాలు చేసే సంస్థ. ఆ వెంటనే రివాల్వర్లలోకి తాళం వచ్చింది. అందుకే చాలామందికి ఈ రంధ్రం యంత్రంలో ఒక భాగంలా కాక, ఆ ఒప్పందం వదిలిన మచ్చలా కనిపిస్తుంది.

లోపల జరిగేది ఇది. తాళంచెవి తిప్పితే హ్యామర్‌కి, అంటే తూటాని పేల్చే వెనక సుత్తికి, ఎడమ పక్కన చిన్న ఇనుప రేకు పైకి లేచి హ్యామర్‌ని పట్టేస్తుంది. ఇక ట్రిగ్గర్ కదలదు. తాళం తీసినప్పుడు ఆ రేకుని కింద పట్టి ఉంచేది ఒక చిన్న స్ప్రింగ్. భయమంతా ఆ స్ప్రింగ్ గురించే.

తాళం వేసే ముందు తుపాకి ఖాళీ చెయ్యండి. బారెల్ మూతి ఎవరూ లేని దిక్కుకి తిప్పి, వేలు ట్రిగ్గర్ బయట పెట్టి, సిలిండర్ తెరవండి. మూతి పైకెత్తి, తూటాలని బయటికి నెట్టే ఎజెక్టర్ రాడ్‌ని ఒక్క ఊపులో చివరిదాకా నొక్కండి. పడ్డ తూటాలు లెక్కపెట్టండి. జె ఫ్రేమ్ చిన్న రివాల్వర్లలో చాలావాటికి సిలిండర్‌లో అయిదు తూటా గదులు, పెద్దవాటికి ఆరో ఏడో ఎనిమిదో ఉంటాయి. మీ తుపాకికి ఎన్నో తెలియకుండా లెక్కపెట్టి లాభం లేదు. తర్వాత ఒక్కో గదిని చిటికెన వేలితో తడిమి చూడండి. చీకట్లో కంటి కన్నా వేలే నయం. సిలిండర్ మూసి, హ్యామర్ పూర్తిగా కింద ఉందని చూసుకుని తాళంచెవి పెట్టండి. రంధ్రం పక్కన ఎల్ అక్షరంతో బాణం గుర్తు ఉంటుంది. ఆ దిక్కుకి ఆగేదాకా తిప్పండి. బలం వాడొద్దు. తిరగకపోతే చెవి సరిగా కూర్చోలేదన్నమాట, తీసి మళ్లీ పెట్టండి. రేకు పైకి లేచిందా చూసి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కి కదలడం లేదని తేల్చుకోండి. మోడల్ 642 లాంటి, హ్యామర్ లోపల దాగిన రకాల్లో రేకు బయటికి కనిపించదు, ట్రిగ్గర్‌తోనే తెలుసుకోవాలి.

తూటాలు ఉన్న తుపాకికి తాళం వేసి పక్కన పెట్టే అలవాటు మాత్రం వద్దు. తాళం సగం తిరిగి ఆగినా, తీసి ఉన్నదాన్ని వేశామని పొరబడినా, సిలిండర్ గదిలో తూటా ఉంటుంది.

ఇక అసలు వాదన: పేలుస్తుండగా తాళం దానంతటదే పడిపోతుందా? అలా జరిగిందని చెప్పినవాళ్లు ఉన్నారు. ఎక్కువగా బరువు బాగా తగ్గించి, బలమైన తూటాలు పెట్టే రకాల్లోనే ఈ మాట వినిపిస్తుంది. 340 గ్రాముల చుట్టూ తూగే .357 మాగ్నం 340పీడీ, 700 గ్రాముల చుట్టూ తూగే .44 మాగ్నం 329పీడీ అలాంటివి. తుపాకి ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తన్నుతుంది, ఆ తన్నుకి రేకు ఎగరడానికి వీలుంది. ఉక్కు ఫ్రేమ్ ఉన్న .38 విషయంలో ఈ భయం పెట్టుకోనక్కర్లేదు.

అయితే తేలిక రివాల్వర్ బిగుసుకుపోయిన ప్రతిసారీ తప్పు తాళానిదే అనడం సరికాదు. అదే తన్నుకి పేలని తూటాల్లోని సీసం గుండు, దాన్ని పట్టి ఉంచే ఇత్తడి గొట్టంలోంచి ముందుకి జారుతుంది. అది సిలిండర్ ముందు అంచు దాటి పొడుచుకొస్తే సిలిండర్ తిరగదు, ట్రిగ్గర్ రాయిలా నిలిచిపోతుంది. 340పీడీ బారెల్ మీద 120 గ్రెయిన్లు, అంటే దాదాపు 7.8 గ్రాముల కన్నా తేలికైన గుండు వాడొద్దని చెక్కి ఉంటుంది, ఆ హెచ్చరిక పాటించండి, అయితే అది గుండు జారడం గురించి కాదు, టైటానియం సిలిండర్ త్వరగా అరిగిపోకుండా ఇచ్చింది. సిలిండర్ వెనక తూటాల అంచుల్ని పట్టే ఎజెక్టర్ నక్షత్రం కింద కాలని మందుపొడి రేణువులు చేరినా సిలిండర్ బిగుస్తుంది. ఎజెక్టర్ రాడ్ మర వదులైతే సిలిండర్ అసలు తెరుచుకోదు. 1960ల తర్వాతి స్మిత్ అండ్ వెసన్లలో దానిది ఎడమ మర. మామూలు దిక్కుకి తిప్పి బిగిస్తున్నాననుకుంటే ఇంకా వదులవుతుంది. ప్రైమర్ (అడుగున నిప్పు రాజేసే బిళ్ల) లోపలికి సరిగా దిగని తూటా కూడా వెనక పలకకి రాసుకుని ఆపేస్తుంది.

కాబట్టి పేల్చి సాధన చేసే రేంజ్‌లో బిగుసుకుపోతే మూతి లక్ష్యం వైపే ఉంచి, వేలు బయటికి తీసి, హ్యామర్ బయటికి కనిపించే రకమైతే ముందు దాని ఎడమ పక్క చూడండి. రేకు లేచి ఉంటే తాళమే. చెవితో వేసే దిక్కుకి ఒకసారి, తీసే దిక్కుకి ఒకసారి ఆగేదాకా తిప్పి, వెంటనే ఖాళీ చేసి, ఇక ఆ రోజుకి పేల్చకండి. ఆ తుపాకిని కంపెనీ మరమ్మతుకి పంపాలి. రేకు కిందే ఉంటే సిలిండర్ ముందు అంచు చూడండి, గుండు పొడుచుకొచ్చి ఉంటే తప్పు తూటాది. రెండూ కాకపోయినా, రేకు కనిపించని రకంలో ఏదీ తేలకపోయినా, సిలిండర్ తెరుచుకోకపోయినా బలవంతం చెయ్యకుండా రేంజ్ అధికారిని పిలవండి.

తేలిక తుపాకిని రక్షణకి పెట్టుకునేవాళ్లు ఈ పరీక్ష ముందే చేసుకోవాలి. అయిదు గదుల్లో అయిదో తూటా పొడవుని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి గుర్తు పెట్టి, నాలుగు పేల్చి, దాన్ని తీసి మళ్లీ కొలవండి. పెరిగితే ఆ తూటా ఆ తుపాకికి పనికిరాదు, బ్రాండ్ మార్చండి. తర్వాత నిజంగా వాడబోయే తూటాలే కనీసం 50 పేల్చి, రేకు కనిపించే రకమైతే ప్రతి తూటా తర్వాత అది కింద ఉందో లేదో చూడండి. చెయ్యి నొప్పెడితే రెండు రోజులకు పంచుకోండి. ఒక్కసారి రేకు లేచినా దాన్ని నడుముకి పెట్టుకోకండి.

తాళం భాగాలు పీకేసి రంధ్రానికి బిరడా కొట్టుకునేవాళ్లు ఉన్నారు, అలాంటి బిరడాలు అమ్ముతారు కూడా. ఇంట్లో సొంతంగా చెయ్యొద్దనే మా మాట. పక్క పలకని స్క్రూడ్రైవర్‌తో పైకి లేపబోతే ఫ్రేమ్ అంచు చెడుతుంది, ఆపైన ఏదైనా ప్రమాదం జరిగితే భద్రతా భాగం తీసేశారన్న ప్రశ్నకి కోర్టులో జవాబు చెప్పాల్సి రావచ్చు. తాళం ఇష్టం లేకపోతే తాళం లేని రకం కొనడమే శుభ్రమైన దారి. 442, 642 అలా చాలా ఏళ్లుగా దొరుకుతున్నాయి. 2025లో మోడల్ 10, 19, 36లను కూడా కంపెనీ తాళం లేకుండా తెచ్చింది.

మిగతా కంపెనీల్లో టారస్ తన తాళాన్ని హ్యామర్‌లోనే పెట్టింది, కొత్త రకాల్లో చాలావాటికి తీసేసింది. రూగర్ కంపెనీ రివాల్వర్ న్యూ వకేరోలో అది పిడి పలక కింద దాక్కుని ఉంటుంది. వాడాలంటే పలక విప్పాలి, లేదా దానికి రంధ్రం వేసుకోవాలి. బయటికి మచ్చ లేదు కాబట్టి దానిమీద గొడవా తక్కువే.

ఇంట్లో పిల్లలుంటే ఈ తాళం ఒక్కటే చాలదు. స్మిత్ అండ్ వెసన్‌లో ఒక్కో తుపాకికి వేరే చెవి ఉండదు, ఒకరి చెవి ఇంకొకరి తుపాకికి సరిపోతుంది. దొంగని అది ఆపదు, చెవి దొరికిన పదేళ్ల పిల్లవాణ్ణీ ఆపదు. మంచం పక్కన ఉంచాలనుకుంటే మీటలు నొక్కి తెరిచే చిన్న ఉక్కు పెట్టెని గోడకో మంచానికో బోల్టు వేసి బిగించండి. నాలుగైదు మీటల వరస చీకట్లో వేళ్లకి అలవాటవుతుంది, చెవి కోసం వెతుక్కోనక్కర్లేదు. ఎక్కువ రోజులు దాచే తుపాకికి, కొన్నప్పుడు డీలర్ ఇచ్చిన కేబుల్ తాళాన్ని తెరిచిన సిలిండర్ గుండా పోనిచ్చి వెయ్యండి. అలా వేస్తే సిలిండర్ మూసుకోదు, తుపాకి ఖాళీ అని చూడగానే తెలుస్తుంది.

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు చట్టం మాట ఒకటి. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి తూటాలున్న తుపాకి అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే అది నేరం. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప తుపాకి దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఆ అడ్డు లేదు. ఇంట్లో ఒకరికి గ్రీన్ కార్డు వచ్చి ఇంకొకరు హెచ్-1బీలోనే ఉంటే, పెట్టె తెరిచే మీటల వరస మొదటివాళ్లకే తెలిసి ఉండాలి.

తుపాకితో రెండు తాళంచెవులు వస్తాయి. ఒకటి మీ జేబులోని తాళాల గుత్తికి తగిలించండి. రెండోది తూటాల పెట్టెలో కాకుండా, తుపాకి ఉన్న గదిలోనూ కాకుండా, తాళం వేసిన వేరే చోట పెట్టండి.