గోడ గడియారం మీద వెయ్యి బీట్ల రోజును గుర్తించుకునే విధానం

రోజును వెయ్యి సమభాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ‘బీట్’ అని పిలుస్తూ, ప్రపంచంలో ఎక్కడున్నవారికైనా ఒకే అంకె చెల్లేలా స్వాచ్ గడియారాల కంపెనీ 1998 అక్టోబరులో ఒక కాలమానాన్ని ప్రకటించింది. ఒక బీట్ అంటే 86.4 సెకన్లు. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న స్విట్జర్లాండ్ పట్టణం బీల్ పేరిట నిర్ణయించిన అర్ధరాత్రితో రోజు మొదలవుతుంది. ఆ కాలం గ్రీనిచ్ కంటే సరిగ్గా గంట ముందుంటుంది, ఐరోపాలో వేసవికి గడియారాలను గంట ముందుకు జరిపినా ఇది మారదు. ఇది జనం వాడుకలో నిలవలేదు. అయినా కాలమండలాలను తీసేస్తే నిజంగా ఏమవుతుందో చేత్తో చేసి చూడదలచినవారికి ఇంతకంటే సులువైన దారి లేదు కనుక, విజయవాడలోని మా హాలు గడియారానికి నేను చేసిన పద్ధతిని వివరిస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. బీల్ కాలానికీ మన కాలానికీ తేడా నాలుగున్నర గంటలు. కాబట్టి మనకు తెల్లవారుజామున 4:30 అయినప్పుడు అక్కడ @000 (బీట్ల అంకె ముందు @ గుర్తు పెడతారు). మన సమయంలోంచి నాలుగున్నర గంటలు తీసివేసి, మిగిలినదాన్ని నిమిషాల్లోకి మార్చి, 1.44తో భాగిస్తే బీట్లు వస్తాయి. ఉదయం 10:30 తీసుకుంటే, మిగిలేది ఆరు గంటలు, అంటే 360 నిమిషాలు, భాగిస్తే @250. సాయంత్రం 4:30కి @500. అర్ధరాత్రి దాటి 4:30 లోపు సమయమైతే ముందుగా 24 గంటలు కలిపి, ఆ తరువాత తీసివేయాలి. తిరిగి గంటల్లోకి రావాలంటే బీట్లను 1.44తో గుణించి, వచ్చిన నిమిషాలకు నాలుగున్నర గంటలు కలపాలి. పంచాంగం చూసే అలవాటున్నవారికి ఇంకో కొండగుర్తు ఉంది: ఘడియ 24 నిమిషాలు గనుక ఆరు ఘడియలు సరిగ్గా వంద బీట్లు, మూడు ఘడియలు యాభై. రోజును అరవైగా పంచిన మన లెక్కా, వెయ్యిగా పంచిన ఈ లెక్కా ఇంత సాఫీగా కలవడం నాకు కాలిక్యులేటర్ కంటే ఎక్కువగా ఉపయోగపడింది.

ఇక గడియారం. చిన్న ముల్లు రోజుకు రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి ఒక చుట్టు అంటే 500 బీట్లు, వంద బీట్లంటే 72 డిగ్రీలు. గడియారపు అద్దానికి సరిపడే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును గుండ్రంగా కత్తిరించి, పన్నెండు అంకె ఉండే చోట సున్నా డిగ్రీలుగా గుర్తు పెట్టుకోవాలి. అక్కడినుంచి ముల్లు తిరిగే దిశలో 135 డిగ్రీల దగ్గర, అంటే నాలుగున్నరకు చిన్న ముల్లు నిలిచే చోట, మొదటి గీత గీయాలి. తరువాత 72 డిగ్రీలకొకటి చొప్పున 207, 279, 351, 63 డిగ్రీల దగ్గర మిగతా నాలుగు గీతలు వస్తాయి. వాటిని బయటి వరుసలో 000, 100, 200, 300, 400 అనీ, లోపలి వరుసలో 500 నుంచి 900 వరకూ రాయాలి. తెల్లవారుజామున 4:30 నుంచి సాయంత్రం 4:30 వరకూ బయటి వరుసను, ఆ తరువాత లోపలి వరుసను చదవాలి. పెద్ద ముల్లును పట్టించుకోనవసరం లేదు. నేను మొదటిసారి సున్నాను అలవాటుకొద్దీ పన్నెండు అంకె దగ్గరే పెట్టి షీటు పాడుచేశాను. ఆ పొరపాటు ఎవరైనా చేసేదే. ఎదురుగా నిలబడి చూస్తే పది బీట్ల తేడా తెలుస్తుంది. పక్కనుంచి చూస్తే అద్దానికీ ముల్లుకూ మధ్య ఉన్న ఎడం వల్ల లెక్క తప్పుతుంది.

అంకె చెప్పినంత మాత్రాన సరిపోదు, వారం కూడా చెప్పాలి. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడితో చలికాలంలో ఒకసారి శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం అనగా ఒంటిగంటన్నరకు మాట్లాడదామనుకుని, మన క్యాలెండరు ప్రకారం “ఆదివారం @875” అని రాశాను. బీల్ లెక్కలో అది ఇంకా శనివారమే కావడంతో, వాడు మరునాడు, అంటే డల్లాస్‌లో ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, ఫోన్ చేశాడు. విచిత్రమేమిటంటే, సూర్యోదయం నుంచి సూర్యోదయం వరకూ ఒకే వారంగా లెక్కించే మా అమ్మకు ఈ పద్ధతిలో ఏ చిక్కూ కనిపించలేదు. ఆ వేళ ఆవిడకూ శనివారమే.

ఇక్కడే ఒక సంగతి వేరుచేసి చూడాలి. రోజును పదులుగా పంచడం ఒక ఆలోచన, లోకమంతటికీ ఒకే గడియారం పెట్టడం మరో ఆలోచన. 1793లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం రోజుకు పది గంటలు, గంటకు వంద నిమిషాలు, నిమిషానికి వంద సెకన్లు అని శాసించినప్పుడు మార్చింది లెక్కను మాత్రమే; ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. అదీ 1795 ఏప్రిల్‌లో ఆగిపోయింది. పాత గడియారాలను పారేయడానికి జనం సిద్ధపడకపోవడం వల్లనే అది ఆగిందని చెబితే సరిపోతుంది గానీ, ఒకే గడియారం సంగతి అంత తేలిక కాదు. ఎందుకంటే @300 అనగానే మన దగ్గర భోజనాల వేళ అని మనకు తెలుస్తుంది, డల్లాస్‌లో ఎవరు మేలుకుని ఉన్నారో మాత్రం ఆ అంకె చెప్పదు.

అందువల్ల షీటు మీద చివరి పని ఎర్ర స్కెచ్ పెన్నుతో చేయాలి. చలికాలంలో డల్లాస్ రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ @208 నుంచి @542 దాకా వస్తుంది. బయటి వరుసలో 208 దగ్గర మొదలుపెట్టి, ఆ వరుస పూర్తయ్యాక లోపలి వరుసలో 542 వరకూ ఎర్రగా గీయండి. ఆ ముక్కలో ముల్లు ఉన్నంతసేపూ ఫోన్ చేయకూడదు. చెరిపేందుకు వీలుండే పెన్ను వాడటం మంచిది. అమెరికావారు గడియారాలు మార్చుకున్నప్పుడల్లా ఆ ఎర్రగీతను మార్చిలో వెనక్కీ నవంబరులో ముందుకూ దాదాపు 42 బీట్లు జరపాల్సి ఉంటుంది.