పులియబెట్టిన సీసాలో హైడ్రోజన్ రాకపోతే ఎక్కడ చూడాలి?

మిగిలిన అన్నం, పండ్ల తొక్కలను గాలి తగలకుండా పులియబెట్టి హైడ్రోజన్ తీసే చిన్న ప్రయోగాలకు పనికొచ్చే వివరాలివి. ముందుగా ఒక జాగ్రత్త: గాలిలో 4 నుంచి 75 శాతం వరకు హైడ్రోజన్ కలిసి ఉంటే నిప్పు తగలగానే అంటుకుంటుంది. పగటి వెలుగులో ఆ మంట సరిగా కనిపించదు. గొట్టం చివర కిటికీ బయటికి ఉండాలి. గదిలో అగ్గిపుల్ల గీయకండి.

సమస్య: వాయువు వస్తోంది, అందులో హైడ్రోజన్ మాత్రం లేదు

ప్రయోగం చెడిందని చాలామంది సీసా కడిగేస్తారు. తొందరపడకండి. హైడ్రోజన్ పుట్టే ఉంటుంది, సీసాలోనే మరొకటి దాన్ని తినేసి ఉంటుంది. పులియబెట్టే బ్యాక్టీరియా కోసం గోబర్ గ్యాస్ తొట్టి నుంచి తెచ్చి సీసాలో కలిపే పేడనీళ్లలో హైడ్రోజన్‌ను ఇచ్చే క్లాస్ట్రీడియం బ్యాక్టీరియాతో పాటు, దాన్ని మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవులూ ఉంటాయి.

ఈసారి ఆ పేడనీళ్లను 90-100 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, చల్లార్చి వాడండి. మీథేన్ జీవులు చాలావరకు చస్తాయి, క్లాస్ట్రీడియం సిద్ధబీజాలుగా (వేడిని ఓర్చుకునే గట్టి పొర ఉన్న రూపం) ఉండి తట్టుకుంటుంది. పచ్చి వ్యర్థాలతో శత్రువులు మళ్లీ చేరతాయి కాబట్టి పీహెచ్‌ను (పులుపు కొలత; అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 5.5 దగ్గరే నిలపాలి.

వాయువును కాస్టిక్ సోడా ద్రావణంలోంచి పంపితే కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలినదంతా హైడ్రోజనే అనుకోకండి, మీథేన్ అక్కడే ఉంటుంది. కచ్చితంగా తేల్చాలంటే వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రం వాడాలి.

సమస్య: జోరుగా వచ్చిన బుడగలు రెండో రోజుకు ఆగిపోయాయి

పీహెచ్ కాగితం ముంచండి. 4.5 కంటే తగ్గితే, పుట్టిన ఆమ్లాలే బ్యాక్టీరియా గొంతు నొక్కుతున్నట్టు. పలుచటి కాస్టిక్ సోడా చుక్కచుక్కగా కలుపుతూ 5.5కి తీసుకురండి, సీసాలో వేసే వ్యర్థాలు తగ్గించండి. పాడైన వెన్న వాసన వస్తే అది బ్యూటిరిక్ ఆమ్లం, పని సరైన దారిలోనే నడిచిందన్నమాట. ఆ వాసన లేకుండా పులుపు మాత్రమే పెరిగితే లాక్టిక్ బ్యాక్టీరియా పైచేయి సాధించిందని అనుమానించాలి. తర్వాతిసారి వ్యర్థాలను ఉడికించి వేయండి.

సమస్య: అసలు బుడగే లేదు

బిరడా, అతుకుల మీద సబ్బు నురగ రాయండి. సిలికాన్ గొట్టంలోంచి హైడ్రోజన్ జారిపోతుంది. వేడి 35-37 డిగ్రీలు ఉందో లేదో చూడండి. వరిగడ్డి వేస్తే, ముందుగా పలుచటి ఆమ్లంలోనో క్షారంలోనో ఉడికించి, తటస్థం చేశాకే వాడాలి.

అన్నీ కుదిరినా ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఈ పద్ధతిలో గరిష్ఠంగా నాలుగు హైడ్రోజన్ అణువులే వస్తాయి. మిగతా శక్తి చాలావరకు ఆమ్లాల్లోనే ఉంటుంది. ఆ ద్రవాన్ని పారబోయకుండా గోబర్ గ్యాస్ తొట్టిలో కలపండి.