కష్టకాలాన్ని ఉన్నది ఉన్నట్టు గుర్తుచేసుకోవడం ఎలా

నాన్న మంచాన పడ్డ ఏడు నెలలూ మేమంతా ఒక్కచోటే ఉన్నాం. "కష్టమైనా ఆ రోజులే బాగున్నాయి కదక్కా" అన్నాను మొన్న. అక్క ఏమీ అనలేదు. రాత్రిళ్లు లేచింది తను, నేను కాదు.

ఆ మౌనం తర్వాత నేను మొదలుపెట్టిన పని ఇది.

ముందుగా గుర్తున్నదంతా కాగితం మీద రాయండి. ఫోన్‌లో పాతవి చూడకముందే రాయాలి, చూశాక రాస్తే రెండూ కలిసిపోతాయి. తర్వాత అప్పటి మెసేజీలు వెతకండి. ఫొటోలను అంతగా నమ్మకండి, ఏడుస్తున్నప్పుడు ఎవరూ ఫొటో తీసుకోరు. నాకు దొరికిన మెసేజ్: "ఇంటికి రావాలంటేనే భయంగా ఉంది." రాసింది నేనే. ఒక్క ముక్క గుర్తు లేదు.

సాధారణంగా సంతోషం కన్నా బాధే మనసులో త్వరగా పలచబడుతుంది. ముగింపు కూడా మనల్ని ఏమారుస్తుంది. 1993లో మనస్తత్వవేత్త డానియల్ కానమన్ బృందం కొందరి చేత 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించింది. మరోసారి అదే 60 సెకన్లకు ఇంకో 30 కలిపి, ఆ చివర్లో నీళ్లను 15 డిగ్రీలకు తెచ్చింది. మళ్లీ ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. బాధ ఎక్కువసేపు పడ్డా, చివర కాస్త తెరిపి దొరికింది కదా. మా నాన్న కూడా చివరికి లేచి నడిచారు. నా మనసులో ఆ ఒక్క ఉదయమే ఏడు నెలలనూ కప్పేసింది.

అందుకే మొదలూ చివరా వదిలేసి, మధ్యలో ఏ విశేషమూ లేని రోజును పట్టుకోండి. ఆ రోజు గురించి, అప్పట్లో మీ పక్కనున్న మనిషిని అడగండి. "ఎలా ఉండేది?" అంటే "పర్లేదు" అంటారు. "రాత్రి రెండింటికి నాన్న పిలిస్తే ఏం చేసేదానివి?" అని అడిగాను. అక్క గంటసేపు చెప్పింది. నాకు గుర్తున్నదానికి తేడాగా ఉన్నా అడ్డుపడలేదు. మీరూ అడ్డుపడకండి, ఇది చాలా ముఖ్యం.

తలచుకుంటేనే గుండెదడ వచ్చే జ్ఞాపకమైతే మాత్రం ఒంటరిగా తవ్వొద్దు, కౌన్సెలర్ సాయం తీసుకోండి.

మొదట రాసుకున్నది కొట్టేయకండి. అందరం ఒక్కచోట ఉన్నామన్నదీ నిజమే. నేను దాని కిందే అక్క మాట రాశాను: "నిద్రలో కూడా నా చెవి ఆ గదివైపే ఉండేది."