పాత ఫిరంగికి పెయింటు కొట్టకముందు చేయాల్సిన పనులు

మన ఊళ్లలో పాత ఫిరంగికి పట్టే గతి దాదాపు ఒకటే. ఆగస్టు 15 దగ్గర పడగానే ఎవరో మంచి మనసుతోనే దానికి సిల్వర్ పెయింటు కొడతారు, కింద సిమెంటు దిమ్మ కడతారు, పిల్లలు చెత్త వేస్తున్నారని మూతిలో కాంక్రీటు కూరతారు. చెన్నైలో ఉంటూ ఇలాంటివి చూసి బాధపడే తెలుగువాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఓడరేవు ఊళ్లలో పనికిరాని ఫిరంగుల్ని వీధి మూలల్లో నిలువుగా పాతి, బండి చక్రాలు గోడకి తగలకుండా వాడుకోవడం ఆ రోజుల్లో మామూలే కాబట్టి, మీకు కనిపించేది పూర్తి ఫిరంగి కాకపోవచ్చు, భూమిలోంచి మోకాలెత్తున లేచిన ఇనుప మొద్దు కావచ్చు. దేనికైనా పద్ధతి ఒకటే: ముందు రాసుకోవడం, తర్వాతే చేయి వేయడం.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. లోపల మందు, గుండు అలాగే ఉండిపోయి ఉండొచ్చు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు వాళ్ల దగ్గరున్న ఒక పాత ఫిరంగిని 2013లో శుభ్రం చేస్తుంటే లోపల తుపాకి మందు, గుండు బయటపడ్డాయి. అందుకని డ్రిల్లింగ్, వెల్డింగ్, సుత్తి దెబ్బలు, మంట, ఏవీ వద్దు. బయటి నుంచి ఒక వెదురు కర్రని మెల్లగా లోపలికి పెట్టి ఎంత దూరం పోతుందో గుర్తు పెట్టుకుని, అదే కర్రని గొట్టం పక్కన ఆనించి చూడండి. వెనక పైభాగంలో మందు అంటించే చిన్న రంధ్రానికి బాగా ఇవతలే కర్ర ఆగిపోతే లోపల ఏదో అడ్డం ఉంది. అది మట్టే కావచ్చు, కానీ మీరు తవ్వకండి, పోలీసులకి చెప్పండి. ఆ చిన్న రంధ్రంలో మేకు దిగగొట్టి ఉంటే దాన్నీ పీకొద్దు, శత్రువు చేతికి చిక్కినా పేలకుండా ఫిరంగిని పాడుచేయడానికి అలా చేసేవారు, అది కూడా చరిత్రే.

ఇక చదవడం. దీనికి పగటి వెలుగు కన్నా చీకటి పడ్డాక ఒక టార్చిలైటు మేలు. లైటుని ఎదురుగా కాకుండా గొట్టానికి దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే, పది పొరల పెయింటు కింద ఉన్న గుర్తు కూడా నీడ కట్టి లేస్తుంది. కిరీటం, దాని కింద జి.ఆర్. అక్షరాలు, మధ్యలో 3 అంకె కనిపిస్తే మూడో జార్జి రాజు కాలం, అంటే 1760–1820 మధ్యది. గుండెకాయ ఆకారాన్ని నాలుగు గళ్లు చేసి లోపల అక్షరాలు, పైన 4 అంకెలాంటి గీత ఉంటే ఈస్టిండియా కంపెనీ సరుకు. బాణం ములికి గుర్తుంటే కంపెనీది కాదు, బ్రిటిష్ ప్రభుత్వ ఆయుధశాలది. వి.ఓ.సి. అక్షరాల అల్లిక డచ్చి ఈస్టిండియా కంపెనీది, పులిచారలు, పారసీ అక్షరాలు టిప్పు సుల్తాన్ పోతపనివి. పక్కలకి పొడుచుకొచ్చిన రెండు దిమ్మల చివర్లు తప్పకుండా చూడండి, పోత పోసిన కార్ఖానా పేరో, నంబరో, సంవత్సరమో చాలాసార్లు అక్కడే ఉంటుంది. స్కాట్లండ్‌లోని కారన్ కంపెనీ అలాగే వేసేది.

బ్రిటిష్ ఫిరంగుల వెనక భాగంలో గీతలతో విడదీసిన మూడు అంకెలు కనిపిస్తాయి, చాలామంది దాన్ని తేదీ అనుకుంటారు. అది బరువు. 18–2–14 అని ఉందనుకోండి, మొదటిది 112 పౌండ్ల లెక్క, రెండోది 28 పౌండ్ల లెక్క, మూడోది విడి పౌండ్లు. మొత్తం 2,086 పౌండ్లు, అంటే సుమారు 946 కిలోలు. దాన్ని నలుగురు కుర్రాళ్లతో ఎత్తించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

కొలతలు: పొడవు మూతి అంచు నుంచి వెనక కట్టు వరకే, చివరి గుబ్బని కలపకూడదు. మూతి లోపలి వెడల్పు సుమారు 93 మిల్లీమీటర్లుంటే 6 పౌండ్ల గుండు వేసేది, 117 అయితే 12 పౌండ్లది, 148 అయితే 24 పౌండ్లది. తుప్పు వల్ల కొంచెం అటూ ఇటూ వస్తుంది కాబట్టి మూడు చోట్ల కొలవండి.

ఇక్కడ తొందరపడి కథ అల్లేయకండి. గుర్తులు ఎక్కడ పోశారో చెబుతాయి, ఇక్కడ ఎవరు పేల్చారో చెప్పవు. ఫ్రెంచివాళ్లు 1746లో మద్రాసుని పట్టుకుని 1749లో తిరిగిచ్చారు, 1758–59లో ఫ్రెంచి సేనాని లాలీ మళ్లీ ముట్టడించాడు, 1761లో పాండిచ్చేరి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది, ఇన్ని చేతులు మారిన తీరంలో ఫ్రెంచి ఫిరంగి ఇంగ్లీషు కోటలో ఉండటం వింతేమీ కాదు. 1914లో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించినప్పటిది అని కూడా చెబుతారు, కానీ మూతిలోంచి మందు కూరే ఫిరంగులకి అప్పటికే కాలం చెల్లింది. అయినా ఊరివాళ్లు చెప్పే కథని తీసిపారేయకుండా విడిగా రాసుకోండి. జార్జిటౌన్‌లో తరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లుంటే “తాతగారూ, ఇది మీ చిన్నప్పుడు ఎక్కడుండేదండీ?” అని అడగండి, పాత పెళ్లి ఫొటోలు చూపించమనండి. వెనకాల ఫిరంగి పడిన ఒక్క ఫొటో చాలు, దాన్ని ఎప్పుడు కదిపారో తేలడానికి.

కాగితాల కోసం ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాలి, ముందు అనుమతికి దరఖాస్తు పెట్టాలి. సెయింట్ జార్జి కోట కన్సల్టేషన్ల, అంటే కంపెనీ కౌన్సిల్ సమావేశాల రికార్డుల, అచ్చు సంపుటాలతో మొదలుపెట్టండి, గుర్తుల వల్ల తేలిన ఏళ్లని బట్టి ఆయుధాల, స్టోర్స్ జాబితాలు వెతకండి. కోట మ్యూజియంలో, ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న ఫిరంగులతో మీ ఫొటోలు పోల్చి చూస్తే సగం పని అయిపోతుంది. సెలవు రోజులు ముందే కనుక్కుని వెళ్లండి. ఫిరంగి ఏదో పాత పాలెగాడి కోట నుంచి వచ్చిందని అనుమానముంటే కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, చూడండి, వాటిలో చాలా తెలుగులో ఉన్నాయి, ఈ విషయంలో మనకున్న సౌలభ్యం ఇంకెవరికీ లేదు.

చట్టం సంగతి సూటిగా చెప్తాను. వందేళ్లు దాటిన ఫిరంగి 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువు. భూమిలోంచి బయటపడితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (భూమిలో దొరికిన నిధుల) చట్టం కింద కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. పాత ఇనుము కింద అమ్మడం, ఇంటికి తెచ్చుకోవడం కుదరదు.

కాపాడటం విషయంలో చెన్నైకి అసలు శత్రువు ఉప్పు గాలి. పోత ఇనుములోకి దిగిన ఉప్పు తేమ తగిలినప్పుడల్లా పనిచేస్తూనే ఉంటుంది, దాని జాడ తుప్పు పొర మీద నారింజ రంగు చిన్న చిన్న చెమట చుక్కల్లా కనిపిస్తుంది. అలాంటి ఫిరంగి మీద పెయింటు వేస్తే లోపల తినేస్తూ ఉంటుంది, పైకి మెరుస్తూ ఉంటుంది. సముద్రంలోంచో తడి ఇసుకలోంచో వచ్చినదైతే ఎండనివ్వకండి, ఎండితే పై పొర పెచ్చులుగా ఊడి అక్షరాలతో సహా పోతుంది. తడి గోనెపట్టా కప్పి నిపుణులు వచ్చేదాకా అలాగే ఉంచండి, ఎగ్మూరు మ్యూజియంలో రసాయన పరిరక్షణ ల్యాబ్ ఉంది. ఉప్పు తీయడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాల్సిందే.

ఎండలో నిలబడ్డ మామూలు ఫిరంగికి మనం అనుమతితో చేయించగలిగినవి కొన్నే. నేల మీంచి ఎత్తి రెండు రాతి దిమ్మల మీద పెట్టించండి, ఎత్తేటప్పుడు బెల్టులు గొట్టానికి వేయాలి, వెనక గుబ్బకి కాదు. మూతి కొంచెం కిందికి వంగి ఉంటే వాన నీరు లోపల నిలవదు. మూతికి జాలీ చాలు, గాలాడాలి. వైర్ బ్రష్, శాండ్ బ్లాస్టింగ్, బాత్రూం యాసిడ్ అసలు వద్దు, మెత్తటి నైలాన్ బ్రష్ వాడాలి. పైన టానిక్ ఆమ్లం పూత, దాని మీద మైక్రోక్రిస్టలైన్ మైనం, ఇవి నిపుణులు పక్కనుండగానే. కంచు ఫిరంగినైతే చింతపండుతో తోమి తళతళలాడించాలని చూడకండి, ఆ ముదురు ఆకుపచ్చ పొరే దానికి రక్ష.

ఈశాన్య రుతుపవనాలు వెళ్లాక, ప్రతి జనవరిలో ఒకసారి చూసి మైనం మళ్లీ రాయించాలి. మీరు తయారుచేసిన ఫైలు ఒక కాపీ మ్యూజియానికి, ఒకటి స్థలం యజమానికి ఇచ్చి, మూడోది మీ దగ్గర పెట్టుకోండి. ఏటా అదే చోట నిలబడి అదే కోణంలో తీసిన ఫొటో అందులో చేరుస్తూ పోండి, తుప్పు ఎటు పాకుతోందో ఫొటోలు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.