దారిలో కనిపించిన కుక్కపిల్లనో పిల్లికూననో కాపాడి మంచి ఇంటికి చేర్చడం ఎలా?

చాలా ఏళ్ల కిందట మెట్ల కింద నాలుగు పిల్లికూనలు కనిపించాయి, ఇంకా కళ్లు కూడా తెరవలేదు, చుట్టుపక్కల తల్లి జాడ లేదు. ప్రాణం ఆగక అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. గంట తిరక్కుండానే పక్కింటావిడ వచ్చి, మెట్ల దగ్గర ఒక పిల్లి అరుస్తూ వెతుక్కుంటోందని చెప్పింది. పెట్టెతో పరిగెత్తాను. దాన్ని ఉన్నచోటే పెట్టి దూరంగా నిలబడితే, తల్లి ఒక్కొక్క కూననే మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకెళ్లింది. అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసినా నేను ముందు చెప్పేది ఒకటే: ఎత్తే ముందు కాసేపు ఆగండి.

మొదట, దానికి నిజంగా మీ అవసరం ఉందా చూడండి

పిల్లికూనలు పొట్ట నిండుగా, శుభ్రంగా, ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతుంటే తల్లి తిండి కోసం వెళ్లిందని అర్థం. దూరం నుంచి కొన్ని గంటలు గమనించండి. మీరు దగ్గరే నిలబడితే అది రాదు. ఎక్కువసేపు ఉండలేకపోతే గూడు చుట్టూ కాస్త పిండి చల్లి వెళ్లండి, తిరిగొచ్చేసరికి అడుగుల గుర్తులు ఉంటే అది వచ్చి వెళ్లినట్టే. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందంటారు కానీ చాలాసార్లు అలా జరగదు. కూనలు చల్లగా, మురికిగా ఉండి ఆపకుండా ఏడుస్తున్నా, దెబ్బలు తగిలినా, వాటి మీద ఈగలు ముసురుతున్నా మాత్రం ఎదురుచూడకండి, తీసుకోండి.

పెద్దవాటి విషయంలో చెవి చూడండి. చెవి కొన కత్తిరించినట్టు గానీ, అంచున గాటు గానీ ఉంటే దానికి ఇప్పటికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారని గుర్తు, ఎవరో దాన్ని చూసుకుంటూ ఉండొచ్చు. మెడలో పట్టీ లేకపోయినా చర్మం కింద మైక్రోచిప్ ఉండొచ్చు. అది బియ్యపు గింజంత ఉంటుంది, సాధారణంగా భుజాల మధ్య వేస్తారు, వెట్ (పశువైద్యుడి) దగ్గర స్కానర్ పెడితే దాని నంబరు కనిపిస్తుంది, దాన్నిబట్టి సొంతదారు ఎవరో కనుక్కోవచ్చు. తప్పిపోయిన జంతువు కోసం ఎవరో ఒకరు ఎక్కడో వెతుకుతుంటారు కదా, అందుకే దొరికిందని నలుగురికీ తెలిసేలా చెప్పండి. కానీ ఒక గుర్తు మాత్రం బయటపెట్టకండి, ఉదాహరణకు పొట్ట కింద తెల్ల మచ్చ. నాదే అని వచ్చినవాళ్లు ఆ గుర్తు చెప్పగలగాలి.

పట్టుకునేటప్పుడు

ఎంత సాధు జంతువైనా భయంలో, నొప్పిలో కరుస్తుంది. ఎదురుగా కాకుండా పక్క నుంచి నెమ్మదిగా వెళ్లి, కళ్లలోకి చూడకుండా కూర్చోండి. పిల్లి అయితే మందపాటి టవల్ కప్పి టవల్‌తో సహా ఎత్తండి. బండి గుద్దిన కుక్కను కాళ్లు పట్టి లాగకండి, వెన్ను విరిగి ఉండొచ్చు, చెక్క మీదకో దుప్పటి మీదకో మెల్లగా జరిపి తీసుకెళ్లండి. నోటికి గుడ్డ కట్టొచ్చు కానీ ఊపిరి కష్టంగా ఉన్నా, వాంతి చేసుకుంటున్నా కట్టకూడదు. దారిలో నీళ్లు, తిండి ఏమీ పెట్టకండి. బయల్దేరే ముందే వెట్‌కు ఫోన్ చేసి చెబితే వాళ్లు సిద్ధంగా ఉంటారు.

మనుషులు వాడే నొప్పి మాత్రలు ఒక్కటి కూడా వేయకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి.

మిమ్మల్ని కరిచినా, గోళ్లతో గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చిన్న గాటే కదా అనుకోవద్దు, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్లు దాదాపు లేరు, సమయానికి టీకాలు వేయించుకుంటే మాత్రం అది రాకుండా ఆపొచ్చు.

ఇంట్లో వేరే గది

ఇంట్లో ముందునుంచీ కుక్కో పిల్లో ఉంటే, కొత్తదాన్ని కనీసం 14 రోజులు వాటికి దూరంగా పెట్టండి, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నా సరే. కారణం ముఖ్యంగా పార్వో అనే కుక్కల వైరస్ జబ్బు. కుక్కపిల్లకు సోకాక లక్షణాలు బయటపడడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, సబ్బుకూ మామూలు క్రిమిసంహారకాలకూ అంత తేలిగ్గా చావదు. పిల్లుల్లో వచ్చే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు కూడా ఇలాంటిదే. నేలను ముందు శుభ్రంగా కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు సుమారు 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచితే పని చేస్తుంది, ఆ తర్వాత నీళ్లతో మళ్లీ కడిగేయండి. ఫినాయిల్ లాంటివి పిల్లులున్న చోట వాడొద్దు, పాదాలు నాకినప్పుడు విషమై లోపలికి వెళ్తాయి.

రోజూ మీ సొంతవాటికి ముందు తిండి పెట్టి, తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లండి. బయటికి రాగానే చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోండి.

మొదటి ఒకటి రెండు రోజుల్లో వెట్‌కు చూపించి బరువు, మలపరీక్ష, నట్టల మందు, టీకాల సంగతి తేల్చుకోండి. కుక్కపిల్లలకు టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలై 16 వారాల దాకా విడతలుగా సాగుతాయి, ఒక్క డోసుతో అయిపోయిందనుకుని బయట తిప్పితే ప్రమాదం. ఒంటి మీది పురుగుల మందు కూడా వెట్ చెప్పిందే వాడండి. పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి పూస్తే వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. స్నానం మాత్రం మొదటి రోజే వద్దు, ఇప్పటికే బెదిరిపోయి ఉన్న ప్రాణం అది.

తిండి

ఎముకలు తేలిన కుక్కను చూస్తే ఒక్కసారే కడుపునిండా పెట్టేయాలనిపిస్తుంది. అలా పెట్టకండి. చాలా రోజులు పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదు సార్లు పెడుతూ కొన్ని రోజుల మీద పెంచాలి, మరీ బక్కచిక్కి ఉంటే ఎంత పెట్టాలో వెట్‌నే అడగండి.

తల్లిలేని పిల్లికూనల పని అన్నిటికన్నా కష్టం. ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు. ఒళ్లు చల్లబడిన కూనకు పాలు అరగవు. టవల్ చుట్టిన వేడినీళ్ల సీసాను పెట్టెలో ఒక పక్కన పెట్టి, రెండో పక్క ఖాళీగా వదిలేయండి, వేడెక్కితే అది జరగగలగాలి. ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి, పిల్లికూనల కోసమే తయారయ్యే పాలపొడి దొరుకుతుంది, అదే వాడాలి. మొదటి వారంలో రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. కూనను మనిషి బిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, బోర్లా ఉంచి తల కాస్త పైకెత్తి తాగించండి. మూడు వారాలు వచ్చేదాకా వాటంతట అవి మూత్రం, మలం వదల్లేవు, తల్లి నాకుతుంది కాబట్టే వస్తుంది, కనుక ప్రతిసారీ గోరువెచ్చని తడి దూదితో ఆ చోట మెల్లగా రుద్దాలి. రోజూ ఒకే వేళకు వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. రోజుకు సుమారు 10 గ్రాములు పెరగాలి, ఒక రోజంతా పెరగకపోయినా, తగ్గినా అది చురుగ్గానే కనిపిస్తున్నా సరే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంత చేసినా కొన్ని దక్కవు. అది మీ తప్పు కాదు.

కుదురుకోనివ్వండి

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఈ పని చేసేవాళ్లు ఒక లెక్క చెబుతారు: మూడు రోజుల్లో భయం కాస్త దిగుతుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది. అచ్చంగా అలాగే జరుగుతుందని కాదు కానీ తొందరపడకుండా ఉండడానికి ఆ లెక్క పనికొస్తుంది. మొదటి రోజుల్లో చుట్టాలను పిలిచి చూపించకండి. కుక్కను గోడలున్న పెరట్లో కూడా తాడు లేకుండా వదలకండి, భయపడి పారిపోయేవి ఎక్కువగా అప్పుడే పారిపోతాయి. పిల్లికి ఒక చిన్న గది, దాక్కోవడానికి ఒక పెట్టె, మలమూత్రాలకు ఒక లిట్టర్ ట్రే చాలు. మంచం కిందకు దూరితే బయటికి లాగకండి, అక్కడే నేల మీద కూర్చుని మీ పని మీరు చేసుకోండి. పిల్లి రోజంతా ఏమీ తినకపోతే మాత్రం వెట్‌కు ఫోన్ చేయండి, కొన్ని రోజులు తిండి మానేస్తే పిల్లుల కాలేయం దెబ్బతింటుంది.

ఈ రోజుల్లో మీరు చేయాల్సిన అసలు పని దాని స్వభావం తెలుసుకోవడం. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. చిన్నపిల్లల్ని చూస్తే ఏం చేస్తుంది, గిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే గుర్రుమంటుందా, రెండు గంటలు ఒంటరిగా వదిలితే ఎలా ఉంటుంది? ఈ చివరిది నేను ఒకసారి చూడలేదు. గోధుమరంగు ఆడకుక్క, చాలా నెమ్మది, మొదట అడిగిన కుటుంబానికే ఇచ్చేశాను. తొమ్మిదో రోజున తిరిగొచ్చింది. ఇంట్లో అందరూ పనికి వెళ్లగానే సాయంత్రం దాకా అరుస్తూ తలుపు గీరేదట. తప్పు వాళ్లది కాదు, నేను తెలుసుకోలేదు, కాబట్టి చెప్పలేదు. రెండోసారి ఆ సంగతే మొదటి వాక్యంగా రాశాను, ఇంటినుంచే పనిచేసే ఒకాయన వచ్చి తీసుకున్నాడు, ఇప్పటికీ అక్కడే ఉంది.

కొత్త ఇల్లు వెతకడం

ఇచ్చే ముందే ఆపరేషన్ చేయించండి, వాళ్లే చేయించుకుంటారులే అని వదిలేయొద్దు. ఆడపిల్లి నాలుగు నెలల వయసుకే చూలు కట్టగలదు, పాలిస్తూ కూడా మళ్లీ కట్టగలదు. పిల్లల్ని ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరుచేయకండి.

ఫోటో పగటి వెలుగులో, దాని కళ్ల ఎత్తుకు వంగి తీయండి. జాలి కథ కన్నా దాని రోజు ఎలా గడుస్తుందో రాస్తే సరైనవాళ్లు వస్తారు. లోపాలు కూడా రాయండి. అడిగినవాళ్లతో ఫోన్‌లో తీరిగ్గా మాట్లాడండి: ఇంట్లో అందరికీ ఇష్టమేనా, అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇంతకుముందు పెంచినవి ఏమయ్యాయి? కుక్క పన్నెండు పదిహేనేళ్లు, పిల్లి ఒక్కోసారి ఇరవై ఏళ్లు బతుకుతుందని గుర్తుచేయండి. తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లి చూడండి. మేడ మీద పిల్లి ఉండబోతుంటే కిటికీలకు, బాల్కనీకి జాలీ ఉందా అన్నది నేను తప్పకుండా చూస్తాను. ఇల్లు చూపించడానికి ఇష్టపడనివాళ్లకు, ఈ రాత్రికే కావాలని తొందరపెట్టేవాళ్లకు ఇవ్వకండి, ఉచితంగా తీసుకుని అమ్ముకునేవాళ్లూ ఉంటారు. ఒక కాగితం మీద వివరాలు రాసి సంతకాలు చేసుకోండి. ఎప్పుడైనా పెంచలేకపోతే బయట వదలకుండా, ఇంకెవరికీ ఇవ్వకుండా తిరిగి మీకే ఇవ్వాలన్న మాట అందులో తప్పకుండా ఉండాలి.

పంపే రోజు

అది తింటున్న తిండి ఒక వారానికి సరిపడా, పడుకునే దుప్పటి ఉతక్కుండా, టీకాల కాగితాలు, మీ నోట్‌బుక్‌లోని పేజీలు ఇచ్చి పంపండి. మూడో రోజున ఫోన్ చేయండి, మూడు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి. ఏడుపొస్తుంది, నాకు ప్రతిసారీ వస్తుంది, ఉంచేసుకుందామా అని కూడా అనిపిస్తుంది. నిజంగా కుదిరితే ఉంచుకోండి, అందులో తప్పు లేదు, కాకపోతే ఆ గది ఇక ఖాళీ ఉండదు. పంపేస్తే గదిని బ్లీచ్ నీళ్లతో కడిగి, గిన్నెలు ఎండబెట్టి, త్రాసులో బ్యాటరీ మార్చి పెట్టుకోండి.